రంగు సరే... పైపూత సంగతేంటి?

ఘాలా (ఒమన్): శుక్రవారం పొద్దున ఆరు దాటలేదు. మస్కట్‌లో మనవాళ్లు చాలామంది ఇంకా రూముల్లో దుప్పటి ముసుగులోనే ఉన్నారు. ఘాలా సనాయియాలో మాత్రం ఒక షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల నేలంతా నీళ్లు చల్లి ఉంది. తీగకు వేలాడుతున్న రెండు సైడు ప్యానెళ్లు. ఇనప స్టాండు మీద ఒక మోటార్‌సైకిల్ ట్యాంకు. దానికి నాలుగడుగుల దూరంలో, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ చుట్టంలా బిక్కుబిక్కుమంటూ ఓ కుర్రాడు.

ఆ ట్యాంకు అతనిదే. ఊరు తూర్పుగోదావరి వైపు. మస్కట్‌లో హోటళ్ల నుంచి పార్శిళ్లు తీసుకుని ఇంటింటికీ చేర్చే పని. గన్ను పట్టుకున్నాయన కరీంనగర్ వైపు. పదిహేనేళ్లకు పైగా కార్లకీ బళ్లకీ రంగులేస్తున్నాడు. అర్బాబ్‌ని అడిగి, ఈ ఒక్క పూటకి షెడ్డు తాళాలు తెచ్చుకున్నాడు. పేర్లు రాయొద్దని ఇద్దరూ ముందే చెప్పేశారు. ఎందుకని అడిగితే పెయింటరన్న నవ్వాడు. "నా దమ్ము సంగతి కూడా రాస్తరు కదన్నా... ఇంటికాడ మా అవ్వ సదివిపించుకుంటే నిద్రవోదు."

ఆ దమ్ము సంగతికి తర్వాత వద్దాం. ముందు ట్యాంకు కథ.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. మెటాలిక్ నీలం రంగు. ఎండకు ట్యాంకు పైభాగం తెల్లగా పొలుసులు లేచింది. డిసెంబరులో వీసా అయిపోతోంది. ఈలోగా బండి అమ్మేసుకుని ఇంటికి వెళ్లాలని మన తమ్ముడి ఆలోచన. పొలుసులు ఊడిన ట్యాంకు చూస్తే కొనేవాడు ధర సగానికి కోస్తాడు కదా. అందుకని రూములో ఫ్రెండ్స్‌తో కలిసి తనే రంగేసుకుందామనుకున్నాడు. దుకాణంలో నీలం స్ప్రే డబ్బా, దాని మీదకి 'క్లియర్' అని రాసున్న ఇంకో స్ప్రే డబ్బా కొన్నాడు. బిల్డింగ్ మేడ మీదకి వెళ్లి వేసేశాడు.

"రెండ్రోజులు అద్దంలా ఉందండి. వాట్సాప్‌లో ఫొటో పెడితే మా ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజు బంకుకెళ్లాను. పెట్రోలు పోసేవాడి చేతిలో గన్ను కాస్త వణికింది. నాలుగు చుక్కలు కారాయి. గుడ్డ తీసి తుడిచానండి... గుడ్డకి నీలం అంటుకుంది. కింద చూస్తే రంగంతా పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు లేచిపోయింది."

ఆ ముడతల ట్యాంకు ఊడదీసి, తుక్కు కొట్లో అదే మోడల్‌ది నొక్కులు పడ్డ ట్యాంకు ఒకటి దొరికితే తాత్కాలికంగా బిగించుకుని డ్యూటీ చేస్తున్నాడు. పాతది పెయింటరన్న చేతికొచ్చింది.

రెండు డబ్బాల లెక్క

మనకి చిన్నప్పటి నుంచి తెలిసిన రంగంటే ఒక్కటే డబ్బా. ఇంటి గేటుకైనా, కిటికీ ఊచలకైనా ఎనామిల్ తెచ్చి బ్రష్షుతో పూస్తాం. రంగు అందులోనే, మెరుపూ అందులోనే. ఊళ్లో పాత పెయింటర్లు కార్లకేసే రంగుని 'డ్యూకో' అనేవాళ్లు గుర్తుందా? అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన లక్కరు పేరది. సరుకు పోయినా పేరు మాత్రం మన షెడ్లలో మిగిలిపోయింది.

1980ల నుంచి కార్ల కంపెనీలు ఆ ఒక్క డబ్బా పనిని రెండుగా విడగొట్టాయి. కింద వేసేది బేస్. రంగు ఇవ్వడమే దాని పని. మెటాలిక్ అయితే అందులో సన్నని అల్యూమినియం రేకులుంటాయి. బేస్‌లో పిగ్మెంటు ఎక్కువ, పట్టి ఉంచే రెసిన్ తక్కువ. సాధారణంగా హార్డెనర్ కలపరు. థిన్నర్ ఆవిరైపోతే ఆరినట్టే లెక్క. అందుకే ఆరాక సుద్ద పూసినట్టు మొద్దుగా కనిపిస్తుంది.

దాని మీద వేసేది క్లియర్. రంగుండదు. నీళ్లలా ఉంటుంది. కానీ మెరుపంతా దీనిదే, కాపలా కూడా దీనిదే. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్ని పీల్చుకునే మందులు ఇందులోనే కలుపుతారు. పెట్రోలు, చెమట, పక్షి రెట్ట, గీతలు... అన్నీ ముందు దీన్ని దాటితేనే రంగు దాకా వెళ్లేది. మందం ఎంతనుకున్నారు? సాధారణంగా 40 నుంచి 60 మైక్రాన్లు. తల వెంట్రుక మందం కంటే తక్కువే. గల్ఫ్ ఎండలో పాత కార్ల బానెట్ మీద, టాపు మీద తెల్లటి మచ్చలు చూస్తుంటాం కదా. అక్కడ పోయింది రంగు కాదు. ముందు క్లియర్ చచ్చిపోయి పొలుసులుగా లేచింది, తర్వాత దిక్కులేని బేస్ ఎండకి మాడింది.

మరి తమ్ముడు కూడా క్లియర్ వేశాడు కదా, ఎందుకు లేచింది?

"గా డబ్బాల ఉన్నది ఒట్టి లక్కరు తమ్మీ. వన్-కె అంటరు" అన్నాడు పెయింటరన్న. థిన్నర్‌తో కరిగించి డబ్బాలో నింపుతారు. థిన్నర్ ఎగిరిపోతే గట్టిపడుతుంది. అంటే మళ్లీ అలాంటి ద్రావకం ఏదైనా తగిలితే కరిగిపోతుంది. పెట్రోలు చేసింది అదే. బండి ట్యాంకుకి కావాల్సింది టూ-కె క్లియర్. అందులో రెండు డబ్బాలు. ఒకటి క్లియర్, ఇంకోటి హార్డెనర్. రెండూ కలిపాక లోపల అణువులు ఒకదానికొకటి వలలా అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్నాక పెట్రోలు పోసినా అంత తేలిగ్గా కరగదు. టూ-కె కూడా స్ప్రే డబ్బాల్లో వస్తోంది. అడుగున పిన్ను నొక్కితే లోపలున్న హార్డెనర్ కలుస్తుంది. నొక్కాక డబ్బా మీద రాసిన గడువులోపే మొత్తం వాడేయాలి. అయితే అందులో ఉన్నదీ అదే హార్డెనర్. రూములో, మేడ మీద ఉత్త మొహంతో కొట్టేది కాదు.

ఈ సంగతి తెలియక ఒక డబ్బా కొన్నదానికి తమ్ముడికి ట్యాంకు మొత్తం మొదటికొచ్చింది.

కొబ్బరినూనె చేసే ఘోరం

పెయింటరన్న ముందు రోజు రాత్రే పాతదంతా గీకేసి, ఇనుము తేలినచోట ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, 800 నంబరు నీటి కాగితంతో నున్నగా రుద్ది ఉంచాడు. దానికంటే ముందు పెట్రోలంతా తీసేసి, ట్యాంకు మూత తెరిచి గాలికి వదిలేశాడట. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ద్రవం లేదు కదా అనుకుంటాం, లోపల ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే చాలు.

ఇక అక్కడి నుంచి తమ్ముణ్ని ట్యాంకు ముట్టుకోనివ్వలేదు. ఎందుకంటే మన తమ్ముడు పొద్దున్నే తలకి కొబ్బరినూనె రాసుకుని వచ్చాడు! అదే చేత్తో ట్యాంకు నిమరబోతే పెయింటరన్న కేకేశాడు. నూనె మరక ఉన్నచోట రంగు నిలవదు. చేపకన్నులాగా గుండ్రంగా విడిపోయి గుంట పడుతుంది. టైర్లకి, డ్యాష్‌బోర్డుకి మెరుపు కోసం రాసే పాలిష్‌లలో ఉండే సిలికాన్ అంతకంటే మొండిది. అందుకే పక్క షెడ్డులో ఎవరన్నా పాలిష్ స్ప్రే కొడుతుంటే ఆయన గన్ను ముట్టడు. శుక్రవారం పొద్దున్నే పని పెట్టుకోవడానికి అదొక కారణం. రోడ్డు మీద లారీలుండవు, దుమ్ము లేవదు అన్నది ఇంకో కారణం.

అన్నిటికంటే పెద్ద కారణం ఎండ. అక్టోబరు వచ్చినా ఇక్కడ మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన ఉంది. మనిషికి లాగానే రంగుకీ మధ్యాహ్నం పనికిరాదు. క్లియర్ పైన పొర ముందు ఆరిపోయి, అడుగున ఇరుక్కున్న థిన్నర్ బయటికి రాలేక బుడగలై పగులుతుంది. సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు మిగులుతాయి. "పైన అప్పడం లెక్క అయితది, లోపల పచ్చిగుంటది" అని ఆయన మాట.

అందుకే హార్డెనర్, థిన్నర్ రెండిట్లోనూ ఫాస్ట్, మీడియం, స్లో అని రకాలుంటాయి. వేడి ప్రాంతంలో స్లో తీసుకోవాలి. త్వరగా ఆరితే త్వరగా ఇచ్చేయొచ్చని ఫాస్ట్ తీసుకుంటే ఇక్కడ పని చెడుతుంది. కలిపాక ఎంతసేపు పనికొస్తుందో డబ్బా మీద రాసే టైము సాధారణంగా 20 డిగ్రీల వేడికి చెప్పింది. 40 డిగ్రీల షెడ్డులో అందులో నాలుగో వంతు దొరికినా అదృష్టమే.

సుద్దలా ఉందేంటన్నా!

బేస్ మూడు పూతలు పడింది. పలచగా, ఒకదానికొకటి మధ్య పది నిమిషాల ఎడంతో. ఆఖరిది గన్ను కాస్త దూరం పెట్టి మంచు పడ్డట్టు కొట్టాడు. మెటాలిక్ రంగులో రేకులన్నీ ఒకే తీరుగా పడుకోవాలంటే అలా కొట్టాలట. లేకపోతే పులిచారల్లా ముదురు, లేత పట్టీలు పడతాయి.

ఆరాక చూసి తమ్ముడి మొహం వాడిపోయింది.

"ఇదేంటన్నా, సుద్ద పూసినట్టుంది! ముందున్నదే నయం కదా."

"ఆగు తమ్మీ. అప్పుడే ఏమైంది?"

చాలామంది సొంతంగా వేసుకునేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. మెరుపు రాలేదని బేస్ మీద బేస్ కొట్టుకుంటూ పోతారు. ఎంత కొట్టినా రాదు. పైగా బేస్ మందమైతే అడుగు పచ్చిగా ఉండిపోయి, తర్వాత క్లియర్‌తో సహా లేచొస్తుంది. మరికొందరు నున్నగా లేదని నీటి కాగితం పట్టి రుద్దేస్తారు. మెటాలిక్ మీద కాగితం పెడితే రేకులు చెదిరి అక్కడో మచ్చ ఖాయం. దుమ్ము కణం కూర్చుంటే జిగురు గుడ్డతో మెల్లగా అద్ది తీసేయాలి, అంతే.

బేస్ ఆరిందని తెలిసేదెలా? మెరుపు పూర్తిగా చచ్చిపోయి, అంతటా ఒకే తీరుగా మొద్దుగా కనబడాలి. ఇరవై నిమిషాలో అరగంటో. అలాగని రేపటికి, ఎల్లుండికి వదిలేస్తే క్లియర్‌కి పట్టు దొరకదు. చాలా కంపెనీలు బేస్ వేసిన రోజే క్లియర్ వేయమంటాయి. గడువు ఎంతన్నది డబ్బా వెంట వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం చదివే పెయింటరు వందకొకడు అని మనవాడే ఒప్పుకున్నాడు. తను కూడా ఆ ఒకడు కావడానికి పదేళ్లు పట్టిందట.

స్టిక్కర్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ట్యాంకు మీద దేవుడి బొమ్మో, 'అమ్మ దీవెన' అనో వేయించుకోవడం మనవాళ్లకి సరదా. బేస్ ఆరాక అంటించి, దాని మీద క్లియర్ కొడితే అంచు గోటికి తగలకుండా లోపలికి వెళ్లిపోతుంది. ముందు ఒక పలచని పూత వేసి చూడాలి. మొదటే తడిగా కొడితే స్టిక్కరు ముడుచుకుంటుంది. మన తమ్ముడు కూడా ఒకటి తెచ్చుకున్నాడు గానీ, అమ్మే బండి కదా అని ఆఖరి నిమిషంలో జేబులోనే ఉంచుకున్నాడు.

ముసుగేసుకున్నాక మాటల్లేవు

క్లియర్ కలిపే ముందు పెయింటరన్న మమ్మల్నీ, తమ్ముణ్నీ బయటికి పొమ్మన్నాడు. సందేహం లేకుండా, గట్టిగా. షట్టరు బయట నుంచి చూడండి, అది కూడా గాలి అవతలికి పోయే వైపు కాకుండా నిలబడండి అన్నాడు. చేతులకి నైట్రైల్ గ్లవుజులు వేసుకున్నాడు. ఒళ్లంతా కప్పే తెల్లటి కోటు. కళ్లతో సహా మొహమంతా మూసే ముసుగు. దాని వెనక నుంచి ఒక గొట్టం వెళ్లి గోడవతల గాలి పంపే యంత్రానికి తగులుకుని ఉంది. ఆ షెడ్డు గాలి ఆయన పీల్చడం లేదన్నమాట. మాకు మొదట అతి అనిపించింది. ఒక్క ట్యాంకుకి ఇంత హంగామానా?

కొలత గ్లాసులో రెండు వంతుల క్లియర్, ఒక వంతు హార్డెనర్, అందులో పదో వంతు లోపే థిన్నర్. ఈ డబ్బాల లెక్క అది. వేరే కంపెనీది నాలుగుకి ఒకటి ఉంటుంది. ఒక కంపెనీ క్లియర్‌కి ఇంకో కంపెనీ హార్డెనర్ కలపకూడదు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే పెళుసై పగుళ్లిస్తుంది. తక్కువైతే నెలైనా గోరు దిగుతుంది. ట్యాంకుకీ ప్యానెళ్లకీ కలిపి రెండు పూతలకి కలిపింది పావు లీటరు పైచిలుకు.

మొదటి పూత మరీ తడిగా కాకుండా. జానెడు దూరం. గన్ను ట్యాంకు చుట్టూ ఒకే వేగంతో నడుస్తోంది. వెళ్లిన దారిలో సగం మీద మళ్లీ సగం పడేలా తిరిగొస్తోంది. ముందు అంచులు, మూత చుట్టూ ఉన్న గాడి, తర్వాత పక్కలు, ఆఖర్న వీపు. మూత గాడి దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. పెట్రోలు కారేది అక్కడే కాబట్టి, క్లియర్ అంచు లోపలికి మడిచినట్టు దిగాలి. అక్కడ సన్న సందుంటే పెట్రోలు అడుగు నుంచి దూరి లేపేస్తుంది.

పావుగంట ఆగాడు. పక్కనున్న టేపు మీద పడ్డ క్లియర్‌ని వేలితో తాకి చూశాడు. అంటుకోవాలి, తీగ సాగకూడదు. అప్పుడు రెండో పూత. ఇది నిండుగా. పైన ట్యూబులైటు నీడ ట్యాంకు మీద చెదరకుండా గీతలా కనిపించే దాకా. అంతకు ఒక్క క్షణం ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే నారింజ తొక్కలా గరుకు మిగులుతుంది.

సుద్ద నీలం మా కళ్లముందే లోతు నీలమైపోయింది. తమ్ముడు "అబ్బ..." అని ఇంకో మాట అనలేదు.

కొట్టడం అయ్యాక కూడా ఆయన ముసుగు తీయలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గన్ను పక్కన పెట్టి, గొట్టం తగిలించుకునే అలా చాలాసేపు నిలబడ్డాడు. కంటికేమీ కనబడకపోయినా సన్నటి మంచు గాల్లోనే ఉంటుందట. పని అయిపోయింది కదా అని ముసుగెత్తి మెరుపు చూసుకునే ఆ నిమిషంలోనే మనిషి దాన్ని పీల్చేది.

దమ్ము సంగతి

బయటికొచ్చి చాయ్ తాగుతూ చెప్పాడు.

ఊళ్లో పదిహేనేళ్లప్పుడు షెడ్డులో చేరాడు. ముక్కుకి రుమాలు. అదే మాస్కు. ఒమన్ వచ్చాక మొదటి కంపెనీలో దుమ్ముకి పెట్టుకునే తెల్ల మాస్కు ఇచ్చారు. తనతోపాటు ఒకే రూములో ఉండే ఇంకో పెయింటరు, జగిత్యాల వైపు మనిషి. రాత్రిపూట దగ్గు. పిల్లికూత. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు. శుక్రవారం తగ్గేది, డ్యూటీ ఎక్కాక మళ్లీ మొదలు. సెలవు మీద ఇంటికెళితే నెల తిరిగేసరికి బాగైపోయేవాడు. ఊళ్లో డాక్టరు 'ఎడారి దుమ్ము పడలేదు' అని మందులిచ్చి పంపాడు. తిరిగొచ్చి మూడో రోజు గన్ను పట్టగానే ఊపిరాడక పడిపోయాడు.

"ఇంటికి పంపిన్రు. ఇప్పుడు ఊళ్లె కూరగాయలు అమ్ముతుండు. పెయింటు షాపు ముందటికెళ్లి నడిస్తెనే దమ్మొస్తదట. చేతిల పని ఉంది, చెయ్యనీకి లేదు."

ఈయనకి కూడా అదే దారిలో దగ్గు మొదలైంది. భయపడి డాక్టరుకి తను చేసే పని ఏమిటో, డబ్బా మీద ఏమి రాసుందో ఫొటో తీసి చూపించాడు. అక్కడ బయటపడింది.

హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని పొట్టన పెట్టుకున్న గ్యాసు పేరు మిథైల్ ఐసోసయనేట్. ఈ హార్డెనర్ అది కాదు. అలా గ్యాసై ఊరి మీద పడేదీ కాదు. కానీ రసాయనాల్లో అదే కుటుంబం. గన్ను లోంచి మంచులా వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కొందరిలో ఆస్తమా పుట్టిస్తుంది. ఎవరికి వస్తుందో, ఎన్నాళ్లకి వస్తుందో ముందు చెప్పలేం. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత చిటికెడు తగిలినా చాలు. ఇక ఆ మనిషి ఆ పనికి దూరం కావాల్సిందే. బ్రిటన్‌లో పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ, వాహనాలకి రంగులు కొట్టేవాళ్లకి ఆస్తమా ముప్పు అక్కడి సగటు కార్మికుడి కంటే 80 రెట్లు ఎక్కువని చెప్పింది. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 నుంచి ఈ హార్డెనర్లు పట్టుకోవాలంటే ముందు శిక్షణ తీసుకుని ఉండాలని నిబంధన పెట్టారు.

ఇంకో చిక్కుంది. థిన్నర్‌కి ఘాటుంటుంది, ఐసోసయనేట్ వాసన మన ముక్కుకి తెలిసేసరికే ప్రమాదం హద్దు దాటిపోతుంది. 'వాసన రావట్లేదు కాబట్టి ఏం కాదు' అన్న లెక్క ఇక్కడ చెల్లదు. రుమాలు, ఆస్పత్రి మాస్కు, దుమ్ము మాస్కు... ఇవేవీ ఆవిరిని ఆపవు. బొగ్గు గుళికలున్న కార్ట్రిడ్జి మాస్కు వాటికంటే నయం. కానీ అది ఎప్పుడు నిండిపోయిందో వాసన చెప్పదు కాబట్టి దాన్నే నమ్ముకుని రోజంతా కొట్టకూడదు. గడ్డం ఉంటే మాస్కు అంచు అతకదు, సందుల్లోంచి లోపలికే వస్తుంది. రోజూ కొట్టేవాళ్లకి బయటి నుంచి మంచి గాలి వచ్చే గొట్టం ముసుగే సరైనది. మనవాళ్లు ఇంకో పని చేస్తారు, చేతులకంటిన క్లియర్‌ని థిన్నర్‌తో కడుగుతారు. అది చర్మంలోంచి ఇంకా లోపలికి పంపడమే.

పని చోట కార్మికుడికి రక్షణ కల్పించాల్సింది యజమాని అని ఒమన్ చట్టమే చెబుతోంది. 2008లో వచ్చిన 286 నంబరు మంత్రిత్వ ఉత్తర్వు పూర్తిగా దీని గురించే. 2023లో కొత్త కార్మిక చట్టం కూడా వచ్చింది. 'మాస్కు అడిగితే అర్బాబ్ ఏమనుకుంటాడో' అని మనవాళ్లలో చాలామందికి మొహమాటం. మా పెయింటరన్న అడిగిన తీరు మాత్రం మాకు నచ్చింది. చట్టం గురించి ఎత్తలేదట. "నేను పడిపోతే నీకు ఇట్ల కొట్టేటోడు దొరుకుతడా?" అన్నాడట. వారంలో ముసుగొచ్చింది. అందరు అర్బాబులూ అలా ఉండరని మాకూ తెలుసు. మాట వినని చోట కార్మిక శాఖకి ఫిర్యాదు చేసుకోవచ్చు. అల్ ఖువైర్‌లోని మన రాయబార కార్యాలయం పెట్టే ఓపెన్ హౌస్‌కి వెళ్లి చెప్పుకోవచ్చు. భారత ప్రభుత్వ 'మదద్' పోర్టల్ కూడా ఉంది.

చదివే వాళ్లలో పెయింటర్లుంటే ఒక్క మాట. రాత్రి దగ్గు, ఛాతీ బిగుతు, సెలవు రోజుల్లో తగ్గి డ్యూటీలో పెరగడం... ఇవుంటే డాక్టరుకి దగ్గు ఒక్కటే చెప్పి రాకండి. 'బళ్లకి టూ-కె క్లియర్ కొడతాను' అని పని కూడా చెప్పండి. ఊళ్లో షెడ్డు పెట్టుకుందామని ఇక్కడి నుంచి గన్ను, కంప్రెసరు కొనుక్కుని వెళ్లేవాళ్లు చాలామంది. ఆ పెట్టెలో ముసుగు ఉండటం మాత్రం మేం ఎక్కడా చూడలేదు.

ముల్కియా మర్చిపోవద్దు

తమ్ముడు మొదట ఎరుపు వేయిద్దామనుకున్నాడట. పెయింటరన్నే ఆపాడు. ముల్కియాలో నీలమని ఉన్న బండి ఎర్రగా తిరిగితే రాయల్ ఒమన్ పోలీసుకి సమాధానం చెప్పుకోవాలి. రంగు మార్చాలంటే ముందు వాళ్ల అనుమతి, తర్వాత ముల్కియాలో మార్పు. అమ్మేటప్పుడు ఆ తేడా ఉంటే పేరు మార్పిడి దగ్గర ఆగిపోతుంది. మన దగ్గరా అంతే. ఆర్‌సీలో రంగు రాసే ఉంటుంది, మారిస్తే ఆర్‌టీఓ ఆఫీసుకి తెలియజేయాలి. ఉన్న రంగే మళ్లీ వేయించుకుంటే ఈ గొడవేదీ లేదు.

తర్వాతి శుక్రవారం

మర్నాటికే ట్యాంకు చేతికి అంటుకోకుండా ఆరింది. అయినా ఇవ్వలేదు. పైకి ఆరినా లోపల వల పూర్తిగా అల్లుకోవడానికి వారం పైనే పట్టొచ్చు. అప్పటిదాకా పెట్రోలు వద్దు, స్టిక్కరు వద్దు, కవరు కప్పొద్దు. మైనం పాలిష్ అయితే నెల దాకా వద్దు. రంగులేసే పెద్ద బూతుల్లో 60 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి త్వరగా ఇచ్చేస్తారు. ఇక్కడ బూతు లేదు. మరి బయట ఎండ అంతే ఉంది కదా, పెడితే పోలా అని మేం అడిగాం. పచ్చిగా ఉన్నప్పుడు పెడితే అప్పడం కథేనన్నాడు.

వారం తర్వాత మళ్లీ ఘాలా వెళ్లాం. మూత వెనకాల ఒకచోట సన్నగా కారిన గీత ఉందని ఆయనే చూపించాడు. ఆయన చూపించకపోతే మాకు కనబడేది కాదు. పచ్చిగా ఉన్నప్పుడు వేలు పెట్టకుండా వదిలేశాడట. ఇప్పుడు చిన్న చెక్క ముక్కకి 2000 నంబరు కాగితం చుట్టి, నీళ్లతో ఆ గీత వరకే మెల్లగా రుద్ది, కాంపౌండు పెట్టి మెరుపు తెప్పించాడు. ఎక్కువ రుద్దడు. ఉన్నదే వెంట్రుకంత మందం కదా. వంపుల మీద, అంచుల మీద అయితే అసలు పెట్టడు. అక్కడ క్లియర్ ఇంకా పలచగా ఉంటుంది.

బిగించడం అయ్యాక ముగ్గురం బంకుకి వెళ్లాం. తమ్ముడు మూత చుట్టూ గుడ్డ పరిచి, గన్ను తనే పట్టుకుంటానని బంకు కుర్రాణ్ని బతిమాలుకున్నాడు. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. పోశాడు. గుడ్డ పక్క నుంచి రెండు చుక్కలు ట్యాంకు మీదకి జారాయి.

తమ్ముడు వెంటనే తుడిచాడు. గుడ్డ తిప్పి చూశాడు. తెల్లగానే ఉంది. మాకు చూపించాడు. మళ్లీ ఇంకోసారి తనే చూసుకున్నాడు.

పెయింటరన్న అటువైపు చూడనే లేదు. పక్కనున్న దుకాణంలో కత్తెర, షేవింగ్ బ్లేడ్లు కొంటున్నాడు. రేపు పొద్దున్నే కారు ఉందట, గడ్డం తీసేయాలి.